బెంగళూరు మీదుగా విదేశాలకు వెళ్తున్నారా? ఈ-గేటు దగ్గర ఇవి చూసుకోండి

అనంతపురం, హిందూపురం వైపు నుంచి పిల్లల దగ్గరికి వెళ్లే పెద్దవాళ్లు ఎక్కువగా బెంగళూరులోనే విమానం ఎక్కుతారు. అక్కడ ఇమ్మిగ్రేషన్‌లో (పాస్‌పోర్టు తనిఖీ చేసేచోట) 2025 జనవరి నుంచి ఈ-గేట్లు, అంటే పాస్‌పోర్టు, ముఖం, వేలిముద్రలు మెషినే చూసి తెరుచుకునే గేట్లు, ఉన్నాయి. హైదరాబాద్, చెన్నైలలో కూడా. కాకపోతే కేంద్ర హోం శాఖ సైట్‌లో ముందే దరఖాస్తు పెట్టి, ఒకసారి ఫొటో, వేలిముద్రలు ఇచ్చి ఉండాలి. లేదంటే మామూలు క్యూనే.

మెషిన్ దగ్గర టెన్షన్ పడొద్దు. పాస్‌పోర్టుకు తొడిగిన ప్లాస్టిక్ కవరు ముందే తీసేయండి. ఫొటో పేజీని గాజు మీద బోర్లించి, కదపకుండా అదిమి పట్టండి. ఆ పేజీ అడుగున బాణం గుర్తులతో రెండు వరుసలుంటాయి చూడండి, మెషిన్ చదివేది వాటినే. కళ్లజోడు, టోపీ తీసి కెమెరా వైపు చూడాలి. సేద్యం చేసిన చేతుల వేలిముద్రలు ఓ పట్టాన పడవు. రెండుసార్లు చూసి, పడకపోతే పక్కనున్న ఆఫీసర్‌ని పిలవండి, మొహమాటం అక్కర్లేదు.

సింగపూర్‌ వెళ్తే పాస్‌పోర్టులో స్టాంపు వేయరు, ఎన్నాళ్లు ఉండొచ్చో మెయిల్‌కి పంపుతారు. అందుకే అరైవల్ కార్డు (అక్కడికి చేరేముందు ఆన్‌లైన్‌లో నింపే ఫారం) నింపేటప్పుడు ట్రావెల్ ఏజెంటు మెయిల్ కాకుండా మీ ఇంట్లోవాళ్లదే ఇవ్వండి.