పాత పద్ధతి ఇంటర్వెల్స్ మొదలుపెట్టే ముందు

ఇంటర్వెల్స్ అంటే కొద్ది దూరం వేగంగా పరుగెత్తి, కాసేపు తేరుకుని, మళ్లీ పరుగెత్తడం. అలాంటి ఒక్కో పరుగూ ఒక రౌండ్. ఇంటర్వెల్ సీజన్‌లో కాలు దెబ్బతినేది సాధారణంగా మొదటి నాలుగైదు వారాల్లోనే. కారణం పెద్ద రహస్యమేమీ కాదు. గుండె, ఊపిరి రెండు మూడు వారాల్లోనే వేగానికి అలవాటు పడతాయి, టెండన్లకూ (కండరాన్ని ఎముకకు కలిపి ఉంచే తాళ్లు) ఎముకలకూ మాత్రం నెలలు పడుతుంది. ఆయాసం తగ్గింది కదా అని రౌండ్లు పెంచేసరికి పిక్కో, మడమ పైనున్న ఏకిలీస్ టెండనో ఎదురు తిరుగుతుంది.

అందుకే ముందు పునాది. వారానికి నాలుగైదు రోజులు, మాట్లాడుతూ పరుగెత్తగలిగే వేగంతో, కనీసం ఆరు నుంచి ఎనిమిది వారాలు. చివరి రెండు వారాల్లో తేలికపాటి పరుగు అయ్యాక వారానికి రెండుసార్లు 80–100 మీటర్ల స్ట్రయిడ్లు ఆరేసి చేర్చండి. ఇవి స్ప్రింట్లు కావు, పూర్తి వేగానికి ఒక మెట్టు కింద సాఫీగా సాగాలి. స్ట్రయిడ్ల మర్నాడు పిక్కలు రాయిలా బిగుసుకుపోతున్నాయంటే ఇంటర్వెల్స్‌కి ఇంకా వేళ కాలేదన్నమాట. పరుగులో ఎప్పుడైనా ఛాతీలో నొప్పి వచ్చినా, కళ్లు తిరిగి పడిపోయినా, ఇంట్లో ఎవరైనా చిన్న వయసులో గుండె ఆగి చనిపోయినా డాక్టర్ని కలవకుండా మొదలుపెట్టకండి.

ఇంటర్వెల్ అన్న పేరు పరుగుది కాదు, మధ్యలో వచ్చే విరామానిది. 1930ల్లో జర్మనీలో కోచ్ వోల్డెమార్ గెర్ష్‌లర్, గుండె వైద్యుడు హెర్బర్ట్ రైండెల్ కలిసి దీన్ని ఒక కొలతలోకి తెచ్చారు. 100 నుంచి 200 మీటర్ల దాకా పరుగెత్తి నాడిని నిమిషానికి 180 దగ్గరికి తేవాలి, అది 120కి దిగగానే మళ్లీ బయల్దేరాలి. దిగడానికి 90 సెకన్లు దాటితే ఆ పరుగు మోతాదు మించినట్టే: వేగమన్నా తగ్గించాలి, దూరమన్నా తగ్గించాలి. గెర్ష్‌లర్ శిష్యుడు రుడాల్ఫ్ హార్బిగ్ 1939లో 800 మీటర్లలో పెట్టిన 1:46.6 రికార్డు 16 ఏళ్లు నిలిచింది. ఈ పద్ధతిలో మనకు పనికొచ్చే గొప్పతనం ఆ రికార్డు కాదు, ఆ 90 సెకన్ల గీత. అది పద్ధతిలోనే అమర్చి ఉన్న బ్రేకు. ఇప్పుడు చాలామంది రౌండ్ల సంఖ్యను మాత్రం తీసుకుని బ్రేకును వదిలేస్తున్నారు.

నాడి చూసుకోవడంలోనూ పొరపాట్లు జరుగుతాయి. రౌండ్ అవగానే నడుస్తూ లేదా మెల్లగా జాగ్ చేస్తూ, బొటనవేలి కింద మణికట్టు మీద రెండు వేళ్లు ఆనించి 10 సెకన్లు లెక్కపెట్టండి. 30 వస్తే 180, 20 వస్తే 120. మణికట్టు దగ్గర దొరక్కపోతే మెడ మీద ఒక పక్కనే, తేలిగ్గా ఆనించండి. గట్టిగా నొక్కితే నాడి ఉన్నట్టుండి పడిపోయి కళ్లు తిరగొచ్చు. చేతి వాచీలోని పల్స్ అంకెను 200 మీటర్ల రౌండ్లలో నమ్మకండి, అది కొన్ని సెకన్లు వెనకబడి చూపిస్తుంది. పైగా ఆ 180 కుర్ర అథ్లెట్ల లెక్క. వయసు పెరిగేకొద్దీ గుండె గరిష్ఠ వేగం తగ్గుతుంది కాబట్టి 50 ఏళ్ల మనిషి 180 కోసం వెంటపడటం తెలివితక్కువ. అలాంటివాళ్లు పై అంకెను వదిలేసి, 90 సెకన్లలో ఊపిరి కుదుటపడి ఒక పూర్తి వాక్యం పలకగలుగుతున్నారా లేదా చూసుకుంటే చాలు. గుండె వేగాన్ని తగ్గించే బీటా బ్లాకర్ మాత్రలు వాడేవాళ్లకు నాడి లెక్కే పనిచేయదు.

ఇక వేగం. 5 కిలోమీటర్లు 20 నిమిషాల్లో పూర్తిచేసేవాళ్ల రేసు వేగం 400కి 96 సెకన్లు, 200కి 48. వాళ్లు మొదటి రోజు 200 మీటర్లు ఎనిమిది సార్లు, ఒక్కోటి 45–46 సెకన్లలో, మధ్యలో 200 మీటర్ల జాగ్‌తో చేస్తే సరిపోతుంది. చెడిపోయిన సెషన్ స్టాప్‌వాచీలోనే కనిపిస్తుంది: 40, 41, 43, 46, 49. మొదటి రెండింట్లోనే సత్తువంతా ధారపోసి, మిగతావి ఈడ్చుకొచ్చారన్నమాట. 46, 46, 45, 46 అని ఒకే తీరుగా నడిచి, చివరికి ఇంకో రెండు చేయగలననిపిస్తే అది మంచి సెషన్. ఆ రెండూ చేయకండి.

మొదటి మూడు వారాలు వారానికి ఒక్కసారే: ఎనిమిది, మళ్లీ ఎనిమిది, తర్వాత పది. నాలుగో వారం ఆరుకు దించి, ఐదో వారం పన్నెండు. 400 మీటర్ల రౌండ్లకు వెళ్లడం ఆ తర్వాతే. వారానికి రెండు సెషన్లయితే మధ్యలో కనీసం 48 గంటలు ఉండాలి. వేగంగా పరుగెత్తే దూరం మొత్తం, వారం దూరంలో పదో వంతు దాటకూడదు. వారానికి 40 కిలోమీటర్లు చేసేవాళ్లకు 400లు పది అంటేనే హద్దు.

చెకోస్లొవేకియా దూరపు పరుగుల వీరుడు ఎమిల్ జాటోపెక్‌ని చూసి వాతలు పెట్టుకునేవాళ్లకు ఒక మాట. 200లు ఐదు, 400లు ఇరవై, మళ్లీ 200లు ఐదు, అన్నిటి మధ్యా 200 మీటర్ల జాగ్: ఇది ఆయన మామూలు రోజు. తర్వాత 400లు నలభై దాకా, ఆపైకీ వెళ్లాడు. 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో 5,000, 10,000, మారథాన్ మూడూ గెలిచాడు. కానీ ఆ సంఖ్యకు చేరడానికి ఏళ్లు పట్టింది, అందులో చాలా రౌండ్లు ప్రాణం పెట్టి పరుగెత్తినవీ కావు. అలవాటు లేని ఒంటితో ఒక్కసారిగా రౌండ్లు రెట్టింపు చేస్తే కండరాలు దెబ్బతిని మూత్రం కోలా రంగులోకి మారే ప్రమాదముంది. అలా కనిపిస్తే ఆసుపత్రికే, ఆ రోజే.

మైలును నాలుగు నిమిషాల లోపు మొదటిసారి పరుగెత్తిన బ్రిటన్ రన్నర్ రోజర్ బ్యానిస్టర్ పద్ధతి మామూలు మనిషికి దగ్గరగా ఉంటుంది. 440 గజాలు (పావు మైలు) పదిసార్లు, మధ్యలో రెండు నిమిషాల విరామం. రౌండ్లు, విరామం కదల్చకుండా ఒక్కో రౌండు సమయాన్ని మాత్రం నెలల తరబడి 66 సెకన్ల నుంచి మెల్లగా దించుకుంటూ వచ్చాడు. 61 దగ్గర ఇరుక్కుపోయినప్పుడు పరుగు ఆపి కొద్ది రోజులు స్కాట్లాండ్ కొండలెక్కడానికి వెళ్లి, తిరిగొచ్చి 59 కొట్టాడు. 1954 మే 6న మైలు 3:59.4లో పూర్తయింది. కొండలెక్కడం మేం చెప్పం గానీ, ఒకేసారి ఒక్క అంకెనే మార్చడం, ఇరుక్కుంటే ఆగడం ఇక్కడ పట్టుకోవాల్సినవి.

ట్రాక్ దగ్గర చిన్న విషయాలే కొంప ముంచుతాయి. 400 మీటర్లన్నది మొదటి లేన్ కొలత. నాలుగో లేన్‌లో ఒక చుట్టు సుమారు 423 మీటర్లు. ఆ తేడా తెలియక, టైమ్ రావడం లేదని తోసుకుపోతే మోతాదు మించిపోతుంది. వార్మప్ 15–20 నిమిషాల జాగ్, తర్వాత నాలుగు స్ట్రయిడ్లు. చలిగా ఉంటే ఇంకాస్త ఎక్కువ. రౌండ్ అవగానే కూలబడకండి, నిలబడిపోకండి. కాళ్లలో రక్తం నిలిచి తల తిరుగుతుంది. ఎప్పుడూ ఒకే వైపు మలుపు తిరగడం వల్ల కాళ్ల మీద భారం సమానంగా పడదు. ట్రాక్ ఖాళీగా ఉంటే వార్మప్, కూల్‌డౌన్ ఎదురు దిశలో చేయండి. స్పైక్స్ (అడుగున మేకులున్న పరుగు బూట్లు) మొదటి నెల వద్దు. ఆ తర్వాత చివరి రెండు మూడు రౌండ్లకే తొడిగి చూడండి. ఎండలో నాడి ఆలస్యంగా దిగుతుంది, ఆ రోజు 90 సెకన్ల గీత మామూలు కంటే ముందే ఆపేస్తుంది. దాని మాట వినండి.

వరసగా రెండు రౌండ్లు మూడేసి సెకన్లు జారినా, కుంటినా, పిక్కలో సూది గుచ్చినట్టు ఒక్కసారిగా లాగినా సెషన్ అక్కడితో సరి. మోకాలి కింద ముందు ఎముక పొడవునా సలపడం ఒక రకం. అదే ఎముక మీద ఒక్కచోట వేలితో నొక్కితే ప్రాణం పోయేంత నొప్పి వేరే రకం, ఎముకలో పగులు కావచ్చు, పరుగు మానేసి చూపించుకోవాలి. పొద్దున మంచం మీద నుంచి లేవకముందే నాడి రోజూ రాసుకోండి. మామూలు కంటే ఏడెనిమిది ఎక్కువ ఉన్న రోజు, జ్వరం తగ్గిన వారం, సరిగ్గా నిద్రపట్టని మర్నాడు ట్రాక్ జోలికి పోకుండా అరగంట మెల్లగా జాగ్ చేసి రండి.