దత్తత బిడ్డ ఇంటికి వచ్చాక

మా పాప మూడేళ్లప్పుడు మా దగ్గరికి వచ్చింది. కొత్తలో దిండు కింద బిస్కెట్లు దాచుకునేది. ఇలా దాచే పిల్లల్ని తిట్టకండి, ఆ తిండి లాక్కోకండి. ఆకలి రుచి చూసిన పిల్లలకు రేపటి మీద నమ్మకం ఉండదు. చేతికి అందే ఎత్తులో ఒక డబ్బా పెట్టి, "ఇది నీదే, ఎప్పుడైనా తిను" అనండి. ఆ డబ్బా ఖాళీ కానివ్వకండి. మా పాప దాచడం తనంతట తనే మానేసింది, కానీ నెలలు పట్టింది.

మొదట్లో తినిపించడం, స్నానం, నిద్రపుచ్చడం అమ్మానాన్నలే చేయాలి. ఎత్తుకుంటామనే బంధువుల్ని కొన్నాళ్లు ఆగమనండి, నొచ్చుకున్నా సరే. బిడ్డతో వచ్చిన పాత దుప్పటిని వెంటనే ఉతకకండి. ఆ కొత్త ఇంట్లో తనకు తెలిసిన వాసన అదొక్కటే.

దత్తత సంగతి దాచొద్దు. బిడ్డకు అర్థం కాని వయసులోనే చెప్పడం మొదలుపెడితే మీ టెన్షన్ కూడా తగ్గుతుంది. కన్నతల్లి ఎందుకు వదిలేసిందని అడిగితే తెలిసినంతే చెప్పండి. కథలు అల్లకండి, ఆమెను చెడ్డగా మాట్లాడకండి. తప్పు నీది కాదని మాత్రం ఎన్నిసార్లయినా చెప్పాలి.

బడిలో వంశవృక్షం గీయమంటారు, పుట్టినప్పటి ఫొటో తెమ్మంటారు. టీచర్‌తో ముందే మాట్లాడి పెట్టుకోండి.