వానలకు ముందే చెరువు కట్ట మీద ఒకసారి నడవండి

బోటు, బెంచీలు, సాయంత్రం లైట్లు, అన్నీ బాగుంటాయి. కానీ మినీ ట్యాంక్‌బండ్ అయినా, రిసార్టు వెనక కట్టుకున్న చిన్న చెరువైనా, అన్ని నీళ్లనూ ఆపుతున్నది మట్టే. ఆ మట్టి మీద నుంచి నీళ్లు పొర్లాయంటే కొన్ని గంటల్లోనే గండి పడుతుంది.

అందుకే ముందు అలుగు, అంటే చెరువు నిండాక ఎక్కువైన నీళ్లు బయటికి పోయే దారి చూడండి. చేపలు కొట్టుకుపోతాయని అలుగుకు వల కడతారు, ఇంకో అడుగు నీళ్లు నిలవాలని ఇసుక బస్తాలు పేరుస్తారు, దయచేసి రెండూ వద్దు. వలకు చెత్త, గుర్రపుడెక్క పట్టుకుంటే అదే అడ్డుగోడ. అమెరికాలోని పెన్సిల్వేనియాలో సౌత్‌ఫోర్క్ డ్యామ్ కూడా డబ్బున్నవాళ్ల విహార క్లబ్బు చేతిలో ఉన్న మట్టికట్టే. గుర్రబ్బండ్లు పోవడానికి కట్ట ఎత్తు తగ్గించారు, అలుగుకు చేపల జాలీలు పెట్టారు, అడుగు నుంచి నీళ్లు వదిలే పైపులను అంతకుముందే ఎవరో పీకేశారు. 1889 మే 31న పెద్ద వానకు అది తెగి 2,209 మంది చనిపోయారు.

తర్వాత కట్ట పైభాగం. మేస్త్రీలు వాడే లెవెల్ పైపు తీసుకుని ఈ చివర నుంచి ఆ చివరకు చూడండి, జనం నడిచీ బైకులు తిరిగీ ఎక్కడో ఒకచోట కుంగే ఉంటుంది. నీళ్లు ముందు పొర్లేది అక్కడే. ఆ గుంటలో బంకమట్టి జానెడు మందం చొప్పున పోసి, తడిపి, ప్రతి పొరనూ గట్టిగా దిమ్మిస కొట్టాలి. ఒకేసారి ట్రాక్టర్ లోడు గుమ్మరిస్తే మొదటి వానకే దిగిపోతుంది.

అసలు టెన్షన్ పెట్టేది కట్ట వెనక, అంటే నీళ్లు లేని వైపు, పాదం దగ్గర ఊట. చెరువు నిండుగా ఉన్నప్పుడు చెప్పులు విడిచి నడిస్తే మెత్తబడ్డ చోటు కాలికే తెలుస్తుంది. ఊట నీటిని గాజు సీసాలో పట్టి పది నిమిషాలు కదపకుండా ఉంచండి. తేటగా ఉంటే అక్కడో కర్ర పాతి, వారం వారం ఊట పెరుగుతోందా అని చూసుకోవచ్చు. అడుగున మట్టి పేరిందంటే మాత్రం కట్ట లోపల బుంగ పడుతోందని అర్థం, వెంటనే ఇరిగేషన్ ఏఈ(అసిస్టెంట్ ఇంజనీరు)కి ఫోన్ చేయండి, కట్ట కింద ఇళ్లవాళ్లను లేపండి. కంగారులో బంకమట్టితో బుంగ నోరు మూయకండి, నీళ్లు ఇంకో దారి వెతుక్కుంటాయి. ముందు ఇసుక, దాని మీద చిన్న కంకర, ఆపైన పెద్ద రాళ్లు వేస్తే నీళ్లు బయటికొస్తాయి, మట్టి ఆగుతుంది. తూము, అంటే కట్ట అడుగు నుంచి నీళ్లు వదిలే దారి తెరిచి చెరువు మట్టం దించండి గానీ, ప్రాణం మీదికి రానంత వరకు మెల్లగానే దించాలి, ఒక్కసారిగా ఖాళీ చేస్తే నానిన లోపలి వాలు జారిపోతుంది.

తుమ్మ, వేప మొక్కలను వేలు లావుండగానే పీకేయండి. పెద్దవైపోయిన చెట్లను ఇంజనీరుకు చూపించకుండా వేళ్లతో సహా పెకలించొద్దు. పందికొక్కుల బొరియలు, ఎండ్రకాయల కన్నాలు కనిపిస్తే చివరిదాకా తవ్వి, మట్టి నింపి దట్టించాలి. తూము తలుపు ఏడాదికి రెండుసార్లయినా ఎత్తి దించి, మరకు గ్రీజు పెట్టండి. తుప్పు పట్టి కదలని తూమును వాన రాత్రి నలుగురు వేలాడినా తిప్పలేరు.