అమెరికాలో అమ్మాయికి సాకర్ క్లబ్ ఎలా ఎంచుకోవాలి?

ఏప్రిల్, మే వచ్చాయంటే మనవాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఈ ప్రశ్న కనిపిస్తుంది: "మా పాప సాకర్ బాగా ఆడుతోంది, ఏ క్లబ్ మంచిది?" జవాబులకూ కొదవ ఉండదు. ఎవరి పిల్లలు ఏ క్లబ్‌లో ఉంటే వాళ్లకు అదే మంచిది.

ఒక పెద్ద క్లబ్‌లో ఒకే వయసు అమ్మాయిలకు మూడు నాలుగు టీమ్‌లు ఉంటాయి. ఒక్కో టీమ్‌కు ఒక్కో కోచ్. వెబ్‌సైట్‌లో కనిపించే కప్పులు, కాలేజీలకు వెళ్లిన అమ్మాయిల ఫొటోలు దాదాపు అన్నీ పై టీమ్‌వే. మనకిది తెలియని వ్యవహారమేమీ కాదు. ఊరంతా ర్యాంకుల హోర్డింగులు పెట్టిన కార్పొరేట్ కాలేజీలో ఆ ర్యాంకులు స్పెషల్ బ్యాచ్‌వి, మన పిల్లను కూర్చోబెట్టేది వేరే సెక్షన్‌లో. అందుకే క్లబ్ ఏదని కాకుండా వచ్చే ఏడాది మీ అమ్మాయికి ఆట నేర్పే కోచ్ ఎవరు, ఆ టీమ్‌లో ఎవరున్నారు అని వెతకడం మొదలుపెట్టండి.

1. ముందు అమ్మాయి సంగతి తేల్చుకోండి

రెక్ (రిక్రియేషనల్, అంటే సరదాకు ఆడే) సాకర్‌లో కోచ్‌లు చాలావరకు తోటి పిల్లల తల్లిదండ్రులే. ఖర్చు తక్కువ, టెన్షన్ తక్కువ. ఏవైఎస్‌ఓ (అమెరికన్ యూత్ సాకర్ ఆర్గనైజేషన్) లాంటి సంస్థలో ప్రతి పిల్లనూ కనీసం సగం మ్యాచ్ ఆడించాలన్నది నియమం. కాంపిటీటివ్ క్లబ్‌లో సెలెక్షన్ ఉంటుంది, జీతం తీసుకునే కోచ్ ఉంటాడు, ఏడాది పొడవునా ఆట ఉంటుంది.

అమ్మాయి దేనికి సిద్ధంగా ఉందో తెలుసుకోవడానికి ఒక చిన్న పరీక్ష చాలు. వాన వల్ల ప్రాక్టీస్ రద్దయిందని మెసేజ్ వచ్చినప్పుడు తన మొహం చూడండి. ఎగిరి గంతేస్తే ఇంకో ఏడాది రెక్‌లోనే ఉంచండి. ఉసూరుమని గరాజ్‌లో గోడకేసి బంతి కొడుతుంటే క్లబ్ గురించి ఆలోచించొచ్చు. ఎనిమిది తొమ్మిదేళ్లకే చేర్చకపోతే వెనకబడిపోతుందని భయపెట్టేవాళ్లు ఉంటారు. పదకొండు, పన్నెండేళ్లకు మొదలుపెట్టి చక్కగా నిలదొక్కుకున్న అమ్మాయిలూ ఉన్నారు.

ఇండియా నుంచి వచ్చిన అమ్మమ్మ "ఎండలో నల్లబడిపోతోంది పిల్ల" అంటుంది. దానికి సన్‌స్క్రీన్ రాస్తే సరిపోతుంది.

2. దూరం, రోజులు, డబ్బు

వారానికి రెండు మూడు ప్రాక్టీసులు, వీకెండ్‌లో ఒకటో రెండో మ్యాచ్‌లు. మ్యాప్‌లో దూరం చూసేటప్పుడు ఆదివారం మధ్యాహ్నం కాదు, మంగళవారం సాయంత్రం ఐదున్నరకు చూడండి. అప్పుడు నలభై నిమిషాలు దాటితే రెండోసారి ఆలోచించండి. హోమ్‌వర్క్ కారులో, రాత్రి భోజనం కారులో, చెల్లి నిద్ర కూడా కారులోనే అయిపోతుంది. దారిలో కార్‌పూల్‌కు కలిసే కుటుంబం ఒకటి దొరికితే అది వేరే లెక్క.

మనబడి, కూచిపూడి క్లాసులు కూడా వీకెండ్‌లోనే పడతాయి. ఏది మానాల్సి వస్తుందో ముందే ఇంట్లో మాట్లాడుకోండి. ఇండియా ప్రయాణం మాట కూడా కోచ్‌తో ముందే అనేయండి. చాలాచోట్ల ట్రయౌట్స్ (టీమ్ సెలెక్షన్లు) అయ్యాక జూన్, జులైలో కాస్త ఖాళీ దొరుకుతుంది, ఆగస్టులో సీజన్‌కు సిద్ధం చేసే ప్రాక్టీసులు మొదలవుతాయి. ఆగస్టు మూడో వారంలో దిగే టికెట్ కొని ఆ తర్వాత చెబితే, అమ్మాయి సీజన్ మొదలవకముందే బెంచ్ మీద కూర్చుంటుంది.

ఇక డబ్బు. వయసు, టీమ్ స్థాయి, ఊరిని బట్టి క్లబ్ ఫీజు ఏడాదికి సుమారు 2,000 డాలర్ల నుంచి 4,000 డాలర్లు, ఒక్కోచోట అంతకంటే ఎక్కువే ఉంటుంది. యూనిఫామ్ కిట్, టోర్నమెంట్ ఫీజులు, కోచ్ ప్రయాణ ఖర్చులో మన వాటా చాలా క్లబ్‌లలో దానికి అదనం. బయట ఊళ్లో టోర్నమెంట్ అంటే హోటల్, పెట్రోలు, తిండి. కొన్ని టోర్నమెంట్లలో వాళ్లు చెప్పిన హోటళ్లలోనే దిగాలన్న షరతు ఉంటుంది, మన హోటల్ రివార్డ్ పాయింట్లు వాడుకుందామన్నా కుదరదు. అందుకే "ఫీజెంత?" అని అడిగి ఊరుకోకండి. ఆ టీమ్‌లోనే ఉన్న ఒక కుటుంబాన్ని పట్టుకుని "పోయినేడు మొత్తం మీద ఎంతయింది?" అని అడగండి. ఆర్థిక సాయం ఉందా అని అడగడానికీ మొహమాటపడక్కర్లేదు. చాలా క్లబ్‌లు ఇస్తాయి, కానీ గడువులోగా దరఖాస్తు చేసుకోవాలి.

3. లీగ్ పేర్లు చూసి కంగారు పడకండి

అమ్మాయిల సాకర్‌లో పెద్ద పేరు ఈసీఎన్‌ఎల్ (ఎలీట్ క్లబ్స్ నేషనల్ లీగ్), 2009లో మొదలైంది. రెండోది గర్ల్స్ అకాడమీ. 2020లో దేశంలో ఈ ఆటను నడిపే యూఎస్ సాకర్ ఫెడరేషన్ తన డెవలప్‌మెంట్ అకాడమీ లీగ్‌ను మూసేశాక, ఆ క్లబ్‌లు చాలావరకు కలిసి పెట్టుకున్న లీగ్ ఇది. వీటి కింద ఈసీఎన్‌ఎల్ రీజనల్ లీగ్, డీపీఎల్, ఎన్‌పీఎల్ అనే మరో రెండు లీగ్‌లు, రాష్ట్ర లీగ్‌లు ఉన్నాయి.

ఈ జాతీయ లీగ్‌ల అసలు ఆట అండర్ 13 నుంచి, అంటే పదకొండు మంది టీమ్‌లు మొదలయ్యే వయసు నుంచి. అంతకుముందు పిల్లలు చిన్న మైదానాల్లో ఆడతారు. అండర్ 9, 10లో ఏడుగురు, అండర్ 11, 12లో తొమ్మిది మంది. కొన్నిచోట్ల లీగ్ పేరుకు ముందు "ప్రీ" అని తగిలించి చిన్న పిల్లల విభాగాలూ నడుపుతున్నారు. పదేళ్ల అమ్మాయి కోసం ఆ పేరు చూసి గంట దూరం వెళ్లడం నా ఉద్దేశంలో అనవసరం.

వయసు లెక్క కూడా మారుతోంది. 2016-17 నుంచి జనవరి, డిసెంబర్ మధ్య పుట్టినవాళ్లను ఒక గ్రూపుగా తీసుకునేవారు. 2026-27 సీజన్ నుంచి పిల్లల సాకర్ నడిపే యూఎస్ యూత్ సాకర్, యూఎస్ క్లబ్ సాకర్, ఏవైఎస్‌ఓ మూడూ ఆగస్టు 1 నుంచి జులై 31 లెక్కకు వస్తున్నాయి. ఆగస్టు తర్వాత పుట్టిన అమ్మాయిలు ఇకపై ఎక్కువగా తమ క్లాసు పిల్లలతోనే ఆడతారు. ఇలా మారే సమయంలో పాత టీమ్‌లు విడిపోయి ఖాళీలు వస్తాయి, కొత్తగా చేరేవాళ్లకు అదొక అవకాశం.

4. చెప్పకుండా వెళ్లి ప్రాక్టీస్ చూడండి

అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే. క్లబ్ ఓపెన్ హౌస్‌లో అందరూ బాగానే మాట్లాడతారు. ఒక మామూలు రోజు సాయంత్రం ఫోల్డింగ్ కుర్చీ వేసుకుని, మీ అమ్మాయిని తీసుకోబోయే కోచ్ ప్రాక్టీస్ మొదటి నుంచి చివరి దాకా చూడండి.

ముందు బంతులు చూడండి. పన్నెండు మంది అమ్మాయిలు వరుసలో నిలబడి, ఒక్కొక్కరే వచ్చి గోల్‌కు ఒక షాట్ కొట్టి, మళ్లీ వరుస చివరికి వెళ్తున్నారనుకోండి. ఒక్క అమ్మాయి మీద కన్నేసి పది నిమిషాల్లో తన కాలికి బంతి ఎన్నిసార్లు తగిలిందో లెక్కపెట్టండి. మీరు కడుతున్న ఫీజులో ఎంత భాగం నిలబడటానికి పోతోందో తెలుస్తుంది. మంచి కోచ్ అదే పన్నెండు మందిని కోన్లతో గీసిన రెండు చిన్న గళ్లలో ముగ్గురికి ముగ్గుర్ని పెట్టి ఆడిస్తాడు. బంతి బయటికి పోతే ఇంకో బంతి లోపలికి విసురుతాడు. అక్కడ ఎవరూ ఊరికే నిలబడి ఉండరు.

తర్వాత, ఎవరైనా తప్పు పాస్ ఇచ్చినప్పుడు ఏం జరుగుతుందో చూడండి. ఆ అమ్మాయి వెంటనే బంతి వెనక పరిగెత్తిందా, భయంగా కోచ్ వైపు చూసిందా? తప్పు చేసిన ప్రతిసారీ పిల్లల తలలు కోచ్ వైపు తిరుగుతుంటే ఆ టీమ్ వదిలేయండి, ఎన్ని కప్పులున్నా సరే. గట్టిగా మాట్లాడటం వేరు, పిల్లను నలుగురిలో చిన్నబుచ్చడం వేరు. టీమ్‌లో అందరికంటే వెనకబడిన అమ్మాయి ఎవరో పది నిమిషాల్లో మీకే తెలుస్తుంది. కోచ్ ఆమెను పేరు పెట్టి పిలుస్తున్నాడా, ఏదైనా నేర్పుతున్నాడా, వదిలేశాడా? మీ అమ్మాయికి ఆట కుదరని రోజున తనతో ఎలా ఉంటాడో అక్కడే తెలుస్తుంది.

ఒక మ్యాచ్ కూడా చూడండి. చిన్న వయసులో గోల్‌కీపర్ దగ్గర్నుంచి పొట్టి పాస్‌లతో పైకి రావడం నేర్పే టీమ్ అప్పుడప్పుడూ పిచ్చి గోల్స్ ఇచ్చేసుకుంటుంది, ఓడిపోతుంది. బలంగా తన్నగలిగే పొడుగు అమ్మాయితో బంతిని ముందుకు కొట్టించి గెలిచే టీమ్ పదేళ్లప్పుడు భలేగా ఉంటుంది. పద్నాలుగేళ్లకు అందరూ ఆ పొడుగుకు వచ్చేస్తారు. సైడ్‌లైన్ పక్కన తల్లిదండ్రుల అరుపులూ వినండి, వచ్చే ఏడాదంతా మీరు కూర్చోబోయేది వాళ్ల పక్కనే.

కోచ్‌కు యూఎస్ సాకర్ లైసెన్స్ ఉందో లేదో అడగండి. మొదట గ్రాస్‌రూట్స్ కోర్సులు, తర్వాత డీ, సీ, బీ, ఏ. లైసెన్స్ ఉండటం మంచిదే. అయితే మూడు టీమ్‌లు నడుపుతూ మీ పిల్లల ప్రాక్టీస్‌కు ఇరవై నిమిషాలు ఆలస్యంగా వచ్చే బీ లైసెన్స్ కోచ్ కంటే, వేళకు వచ్చి శ్రద్ధగా నేర్పే డీ లైసెన్స్ కోచే మేలు.

5. క్లబ్ డైరెక్టర్‌ను అడగాల్సినవి

"రోస్టర్‌లో (టీమ్ జాబితాలో) ఎంతమందిని తీసుకుంటారు?" తొమ్మిది మంది ఆడే టీమ్‌లో పదహారు మంది ఉన్నారనుకోండి. అండర్ 12 మ్యాచ్ అరవై నిమిషాలు. అందరికీ సమానంగా పంచినా ఒక్కొక్కరికి 34 నిమిషాలే వస్తాయి. సమానంగా పంచకపోతే మీ అమ్మాయికి ఎంత వస్తుందో ఊహించుకోండి. ఆట సమయం మీద క్లబ్ పాలసీ కాగితం మీద ఉందా అని అడగండి.

"వచ్చే ఏడాది ఈ టీమ్‌కు ఇదే కోచ్ ఉంటాడా?" ఈ ప్రశ్నకు సూటిగా జవాబు రాకపోతే, ఉండడనే అనుకోండి. పోయినేడు ఆ టీమ్ నుంచి ఎంతమంది వెళ్లిపోయారు, ఎందుకు అనేది డైరెక్టర్ కంటే టీమ్ మేనేజర్ బాగా చెబుతుంది. అమ్మాయిల టీమ్‌లకు ప్రాక్టీస్ మైదానాలు, వేళలు అబ్బాయిలతో సమానంగా ఇస్తున్నారా అన్నదీ గమనించండి. రాత్రి ఎనిమిదిన్నర స్లాట్లు ఎప్పుడూ అమ్మాయిలకే పడుతుంటే అక్కడ వాళ్ల స్థానం ఏమిటో తెలిసిపోతుంది.

6. భద్రత విషయంలో మొహమాటం వద్దు

యూఎస్ సాకర్ కోసం శాలీ యేట్స్ విచారణ జరిపి 2022లో ఇచ్చిన నివేదిక, మహిళల ప్రొఫెషనల్ లీగ్‌లో కోచ్‌ల వేధింపుల మూలాలు పిల్లల సాకర్‌లోనే ఉన్నాయని చెప్పింది. 2018 నాటి సేఫ్ స్పోర్ట్ చట్టం ప్రకారం పిల్లలపై లైంగిక వేధింపుల అనుమానం వస్తే కోచ్‌లు, క్లబ్ పెద్దలు వెంటనే ఫిర్యాదు చేసి తీరాలి. క్రీడల్లో వేధింపుల ఫిర్యాదులు చూసే యూఎస్ సెంటర్ ఫర్ సేఫ్‌స్పోర్ట్ వెబ్‌సైట్‌లో క్రమశిక్షణ చర్యలకు గురైనవాళ్ల జాబితా ఉంటుంది, కోచ్ పేరు కొట్టి చూడండి. రెండు నిమిషాల పని. కోచ్ మీ అమ్మాయికి విడిగా మెసేజ్‌లు పెట్టకూడదు, తల్లిదండ్రులు కూడా ఆ మెసేజ్‌లో ఉండాలి. ఇద్దరే ఉండాల్సి వస్తే ఇతరులకు కనిపించే చోటే ఉండాలి. క్లబ్‌లో ఈ నియమాలు అడిగితే టకటకా చెప్పగలగాలి.

గాయాల సంగతి. యుక్తవయసు అమ్మాయిల్లో మోకాలి ఏసీఎల్ (కీలు లోపలి లిగమెంట్) గాయాలు అబ్బాయిల కంటే బాగా ఎక్కువ. ఫిఫా 11+ లాంటి ఇరవై నిమిషాల వార్మప్ క్రమం తప్పకుండా చేస్తే ఆ ముప్పు తగ్గుతుంది. ప్రాక్టీస్ చూసిన రోజున వార్మప్‌లో ఒంటికాలి మీద దూకి దిగడం లాంటివి చేయిస్తున్నారా, రెండు రౌండ్లు పరిగెత్తించి వదిలేస్తున్నారా గమనించండి. పదేళ్లు, అంతకంటే తక్కువ వయసున్న పిల్లలతో తలతో బంతి కొట్టించకూడదని యూఎస్ సాకర్ 2015లోనే చెప్పింది.

చిన్నగా కనిపించే సంగతి ఇంకొకటి: యూనిఫామ్‌లో తెల్ల షార్ట్స్. పన్నెండు, పదమూడేళ్ల అమ్మాయిలకు పీరియడ్స్ రోజుల్లో అదొక నరకం. ముదురు రంగు షార్ట్స్ ఉన్నాయా, టీమ్ వెంట ఒక మహిళా కోచ్ గానీ మేనేజర్ గానీ ఉంటుందా అడగండి. నాన్నలూ అడగొచ్చు.

7. ట్రయౌట్, ఆఫర్, సంతకం

ట్రయౌట్ నాటికి చాలా టీమ్‌లలో సగానికి పైగా పేర్లు ఖాయమై ఉంటాయి. కాబట్టి రెండు మూడు వారాల ముందే కోచ్‌కు రాసి, టీమ్ ప్రాక్టీస్‌కు ఒకసారి రానిమ్మని అడగండి. చాలామంది సరేనంటారు. అమ్మాయికి కూడా ఆ పిల్లలు నచ్చారో లేదో తెలుస్తుంది.

ఆఫర్ వచ్చాక ఇరవై నాలుగు గంటల్లోనో నలభై ఎనిమిది గంటల్లోనో చెప్పమంటారు. అందుకే మీ లిస్టులో మొదటిది ఏది, రెండోది ఏది ముందే అనుకుని ఉంచండి. పై టీమ్‌లో బెంచా, రెండో టీమ్‌లో పూర్తి ఆటా అన్న ప్రశ్న వస్తే, పన్నెండేళ్లలోపు అమ్మాయికి నేను రెండోదే చెబుతాను. బంతి తగలకుండా ఆట రాదు.

సంతకం పెడితే సాధారణంగా ఏడాది ఫీజు మొత్తానికీ మీరు బాధ్యులు. మధ్యలో మానేసినా కట్టాల్సిందే. ఉద్యోగం మారి వేరే రాష్ట్రానికి వెళ్లాల్సి వస్తే, వీసా సమస్య వస్తే, అమ్మాయికి పెద్ద గాయమైతే ఎంత వెనక్కి ఇస్తారో ఆ కాగితంలో వెతకండి. లేకపోతే ఈమెయిల్‌లో అడిగి జవాబు దాచుకోండి.

8. కాలేజీ మాట ఎత్తితే

పదేళ్ల పిల్ల ముందు కాలేజీ స్కాలర్‌షిప్ గురించి మాట్లాడే డైరెక్టర్ మీ జేబు చూస్తున్నాడు. కాలేజీ క్రీడలు నడిపే ఎన్‌సీఏఏ నియమాల ప్రకారం పై స్థాయి అయిన డివిజన్ వన్ కాలేజీల కోచ్‌లు పదో తరగతి పూర్తయ్యాక వచ్చే జూన్ 15 దాకా అమ్మాయితో రిక్రూటింగ్ గురించి మాట్లాడటానికే వీల్లేదు. డివిజన్ త్రీ కాలేజీల్లోనూ, ఐవీ లీగ్‌లోనూ ఆట పేరుతో స్కాలర్‌షిప్ లేదు. అడ్మిషన్‌లో కోచ్ మాట సాయపడుతుంది, అది నిజమే. అది హైస్కూల్‌కు వచ్చాక చూసుకోవాల్సిన లెక్క.

9. కుదరకపోతే

నవంబర్ దాకా ఆగండి. మొదటి రెండు నెలలు కొత్త టీమ్‌లో ఎవరికైనా ఇబ్బందే. ఆట సమయం గురించి అడగాల్సి వస్తే మ్యాచ్ అయిన వెంటనే కాకుండా ఒక రోజు ఆగి అడగండి. పదకొండేళ్లు దాటిన అమ్మాయి అయితే "నేను ఏం మెరుగుపరచుకోవాలి?" అని తననే అడగనివ్వండి, మీరు పక్కన ఉంటే చాలు. తిట్లు, వేధింపుల సంగతైతే మాత్రం నవంబర్ దాకా ఆగక్కర్లేదు, ఆ రోజే బయటికి తీసుకొచ్చి ఫిర్యాదు చేయండి.

మామూలుగా క్లబ్ మారుతున్నట్లయితే బాకీలు కట్టేసి, టీమ్ గ్రూపులో పోస్టు పెట్టే ముందే కోచ్‌కు చెప్పండి. ఒక ఊళ్లో కోచ్‌లందరూ ఒకరికొకరు తెలుసు, రెండేళ్లకు ఆ కోచే కొత్త క్లబ్‌లో మీ అమ్మాయి టీమ్‌కు రావచ్చు.