కారు కార్పెట్‌కూ లోపలి ట్రిమ్‌కూ కొత్త రంగు: సమస్య – కారణం – పరిష్కారం

ఒడిశాలో గంజాం తీరం నుంచి కోరాపుట్ కొండల దాకా మన వాళ్లు వాడే పాత కార్లలో తరచుగా కనిపించే ఇబ్బంది ఒకటుంది. లేత గోధుమ రంగులో వచ్చిన కార్పెట్ కొన్ని వానాకాలాలు గడిచేసరికి ఎర్రమట్టి రంగుకు తిరుగుతుంది, డోర్ ప్యాడ్ల వంటి లోపలి ట్రిమ్ భాగాలు వెలిసిపోతాయి. కొత్త కార్పెట్ కోసం విశాఖ దాకా వెళ్లడం ఎందుకని చాలామంది ఉన్నదానికే నల్ల రంగో, ముదురు బూడిద రంగో వేయించుకుంటారు. ఆ ఆలోచన మంచిదే. అయితే రంగు డబ్బా కొనేముందు ఆ కార్పెట్, ఆ ప్లాస్టిక్ ఏ పదార్థంతో తయారయ్యాయో చూడకపోవడం వల్లనే తర్వాతి చిక్కుల్లో చాలా భాగం పుడతాయి. మరొక విషయం ముందే చెప్పాలి: అద్దకం ఎప్పుడూ లేత రంగు నుంచి ముదురు రంగుకే సాధ్యం. నల్ల కార్పెట్‌ను గోధుమ రంగులోకి తెస్తామని ఎవరైనా అంటే నమ్మవద్దు.

కార్పెట్‌కు వేసిన రంగు తడి తగలగానే ఊడి, చెప్పులకూ చీర అంచులకూ అంటుతోంది

కారణం: బట్టల రంగును కార్పెట్‌కు వాడారు, లేదా ఆ పీచు రంగును పట్టని రకం. కారు కార్పెట్లు ప్రధానంగా నైలాన్, పాలిస్టర్, పాలీప్రొపిలీన్ అనే మూడు రకాల పీచుతో వస్తాయి. బరంపురం పట్టు అద్దకం తెలిసినవారికి ఇందులో కొంత పరిచయమైన విషయమే. పట్టుకు పట్టే ఆసిడ్ రంగులు నైలాన్‌కూ పడతాయి, ఎందుకంటే ఆ రంగును పట్టి ఉంచే అమైన్ కొసలు రెండింటి అణువుల్లోనూ ఉంటాయి. పాలిస్టర్‌కు అవి అంటవు. దానికి డిస్పర్స్ రంగులు కావాలి, అవి పీచులోకి దిగడానికి మిల్లుల్లో ఒత్తిడి కింద దాదాపు 130 డిగ్రీల సెల్సియస్ వేడి ఇస్తారు. పాలీప్రొపిలీన్‌కైతే బయటి నుంచి వేసే ఏ నీటి రంగూ నిలవదు, అందుకే పీచు తీయకముందే కరిగిన ముద్దలో రంగు కలుపుతారు.

మీ కార్పెట్ ఏ రకమో ఇంట్లోనే తేల్చుకోవచ్చు. డ్రైవరు సీటు పట్టాల వెనుక, కంటికి కనిపించని చోట, కొద్దిగా పీచు కత్తిరించి మట్టి పోయేలా కడగండి. గాజు గ్లాసులో నీళ్లు పోసి, గిన్నెలు తోమే ద్రవం ఒక చుక్క కలిపి, ఆ పీచును అందులో ముంచి, గాలి బుడగలు పోయేవరకు వేళ్లతో నలిపి వదలండి. నీటి కన్నా తేలికైనది కాబట్టి పాలీప్రొపిలీన్ పైకి తేలుతుంది, నైలాన్, పాలిస్టర్ మునుగుతాయి. మునిగిన పీచును ఉప్పు ఇక కరగనంతగా కలిపిన నీటిలోకి మార్చండి. ఆ నీటి సాంద్రత దాదాపు 1.2, నైలాన్‌ది 1.14, పాలిస్టర్‌ది 1.38 కాబట్టి అక్కడ నైలాన్ తేలుతుంది, పాలిస్టర్ అడుగుకు చేరుతుంది. పీచును అగ్గిపుల్లతో కాల్చి వాసన చూసే పద్ధతి కన్నా ఇది ప్రమాదం లేనిది, స్పష్టమైనది.

పరిష్కారం: నైలాన్ అని తేలినా ఇంట్లో ఆసిడ్ రంగు వేయమని నేను చెప్పను. ఆ రంగు పట్టాలంటే మరిగే నీటికి దగ్గరి వేడి కావాలి, ఆ వేడికి అచ్చులో పోసిన కార్పెట్ అడుగుపొర వంకరపోయి, తిరిగి నేలకు సరిగా అమరదు. నైలాన్‌కైనా పాలిస్టర్‌కైనా అక్రిలిక్ బైండరు (రంగును పీచుకు అతికించి ఉంచే జిగురు) కలిసిన, కార్పెట్ కోసమే తయారైన పిగ్మెంటు స్ప్రేనే తగినది. ఇప్పటికే ఊడుతున్న రంగు ఉంటే తడి తెల్లగుడ్డతో, గుడ్డకు మరక అంటడం ఆగేవరకు, తుడిచి తీసి, పూర్తిగా ఆరాకనే ఈ స్ప్రే వేయండి. పాలీప్రొపిలీన్ అని తేలితే రంగు మాట మానుకుని కొత్త మౌల్డెడ్ (అచ్చుపోసిన) కార్పెట్ వేయించండి. పాలీప్రొపిలీన్‌పై వేసిన రంగు మడమ ఆనే చోట కొద్ది నెలల్లోనే అరిగిపోతుంది.

కొత్త రంగు కింది నుంచి గోధుమ, ఎరుపు మచ్చలు తేలుతున్నాయి

రాయగడ, కోరాపుట్, జయపురం వైపు కార్లలో ఇది ఎక్కువ. అక్కడి ఎర్రనేల రంగు ఇనుప ఆక్సైడుది. అది పీచు మొదళ్లలో చిక్కుకుని, పైన రంగు వేసినప్పుడు తడితో పాటు కొసలకు ఎక్కి, ఆరాక మచ్చగా మిగులుతుంది. బ్లీచింగు ఇనుప మరకను తీయదు, పైగా దాన్ని మరింత గట్టిపరుస్తుంది. కార్పెట్‌ను బయటికి తీసి, ముందు పొడిగా దులిపి, వాక్యూమ్ పెట్టి, ఆ తర్వాతే నీళ్లు వాడాలి. మట్టి ఉండగా నీళ్లు పోస్తే అది బురదై లోపలికి దిగుతుంది. అయినా మరక మిగిలితే లీటరు గోరువెచ్చని నీటికి సుమారు 20 గ్రాముల ఆక్సాలిక్ ఆమ్లం కలిపి, మూలన ఒకచోట పరీక్షించి, మరకపై రాసి పది నిమిషాల తర్వాత నాలుగైదు నీళ్లతో కడగండి. ఇది విషపదార్థం కాబట్టి చేతి తొడుగులు తప్పనిసరి, పిల్లలు, పశువులు తిరిగే చోట ఆ నీళ్లు పారబోయవద్దు, బ్లీచింగుతో ఎన్నడూ కలపవద్దు.

మచ్చలు ఎర్రగా కాక లేతగా, రంగు పట్టనట్టు ఉంటే సబ్బు నురగ మిగిలిపోయిందని అర్థం. మళ్లీ కడిగి, నురగ రావడం ఆగాక ఆరబెట్టండి.

కార్పెట్ తీసేటప్పుడు ఒక జాగ్రత్త మరువరాదు. సీట్ల కింద కనిపించే పసుపు కనెక్టర్లు ఎయిర్‌బ్యాగ్, సీటు బెల్టు వ్యవస్థకు చెందినవి. బ్యాటరీ తీగ విప్పి, కారు మాన్యువల్‌లో చెప్పిన సమయం ఆగకుండా వాటిని ముట్టుకోకూడదు.

కార్పెట్ అట్టలా బిగిసిపోయింది

ఒకేసారి మందంగా కొట్టడమే కారణం. పలుచటి పూతలు వేస్తూ, ప్రతి పూత తడిగా ఉండగానే గట్టి నైలాన్ బ్రష్‌తో అటూ ఇటూ దువ్వాలి. ఇప్పటికే బిగిసి ఉంటే గోరువెచ్చని నీటి గుడ్డ పరచి మెత్తబడ్డాక దువ్వి చూడవచ్చు, కానీ పూర్తిగా ఆరి గట్టిపడిన అక్రిలిక్ పొర సులభంగా వదలదు.

డోర్ ప్యాడ్, కన్సోల్ మీద రంగు పొరలుగా లేస్తోంది

గోటితో గీస్తే పొర మొత్తం ఊడివస్తే తప్పు రంగుది కాదు, దాని కింద ఉన్న ప్లాస్టిక్‌ది. ముక్క విప్పి వెనుకవైపు చూడండి. బాణం గుర్తుల మధ్య అచ్చులో పోసిన అక్షరాలుంటాయి. పీపీ అని ఉంటే అది పాలీప్రొపిలీన్, దాని ఉపరితలం మామూలు పెయింటును అంటనీయదు. ఏబీఎస్ (మరో రకం ప్లాస్టిక్) అని ఉంటే సాధారణంగా ప్రైమర్‌తోనో, ప్లాస్టిక్ పెయింటుతోనో నేరుగా పని జరుగుతుంది. పీపీకి ముందు అడ్హీషన్ ప్రమోటర్ అనే పలుచటి పూత వేసి, ఆ డబ్బాపై రాసిన వ్యవధి లోపలే రంగు వేయాలి. ఆ వ్యవధి దాటిందా, ఆ పూత వృథా.

ఇంకో ముఖ్య కారణం డాష్‌బోర్డు పాలిష్. ఏళ్ల తరబడి రుద్దిన సిలికోన్ పాలిష్ మీద రంగు వేస్తే గుండ్రని గుంటలు పడతాయి, వీటినే పెయింటర్లు చేపకళ్లు అంటారు. రంగు పూర్తిగా తీసి, డిగ్రీజరు (జిడ్డు తీసే ద్రవం)తో కడిగి, ఆపై ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో, ప్రతిసారి గుడ్డ మార్చుతూ తుడిచి, మెత్తటి ఎమరీ కాగితంతో రాపాడి మళ్లీ మొదలుపెట్టాలి. ఆరిన మరుసటి రోజు టేపు అంటించి లాగి చూస్తే పని నిలిచిందో లేదో తెలుస్తుంది.

రంగు ఆరాక పాలపొంగులా తెల్లగా మసకబారింది

బరంపురం, ఛత్రపురం, గోపాలపూర్ వైపు వానాకాలంలో వచ్చే ఫిర్యాదు ఇది. థిన్నర్ వేగంగా ఆవిరవుతూ ఉపరితలాన్ని చల్లబరుస్తుంది, గాలిలోని తేమ ఆ చల్లదనానికి నీటి బిందువులుగా మారి పొరలో చిక్కుకుంటుంది. ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) పెయింట్లలో ఇది మరీ ఎక్కువ. గాలిలో తేమ 85 శాతం దాటిన రోజు స్ప్రే గన్ పట్టకపోవడమే ఉత్తమం. ఇప్పటికే మసకబారితే, పొడి వాతావరణం ఉన్న మధ్యాహ్నం రిటార్డర్ థిన్నర్‌ను (నెమ్మదిగా ఆవిరయ్యే థిన్నర్) పలుచగా ఒక్క పూత చల్లితే పొర మళ్లీ కరిగి, తేమ బయటపడి, చాలావరకు తెల్లదనం పోతుంది. కొండ ప్రాంతాల్లో పొగమంచు ఉన్న ఉదయాలకూ ఇదే నియమం. ఎండ బాగా వచ్చాక, ముక్క చేతికి చల్లగా తగలనప్పుడు పని చేయండి.

రెగ్జిన్ మీద రంగు జిగటగా ఉంది, లేదా పగుళ్లు వస్తున్నాయి

రెగ్జిన్‌లోని మెత్తదనాన్నిచ్చే ద్రవ్యం నెమ్మదిగా పైకి వచ్చి మామూలు పెయింటును కరిగిస్తుంది, అందుకే జిగట. పెయింటు గట్టిది, రెగ్జిన్ వంగేది, అందుకే పగుళ్లు. రెండింటికీ మందు ఒక్కటే: పాత రంగు తీసి, వినైల్ (రెగ్జిన్ పైపొర పదార్థం) కోసమే తయారైన, వంగే గుణం ఉన్న రంగు వేయడం. కొన్ని కార్లలో స్విచ్చుల పలకపైన ఉన్న మెత్తటి పూతే తేమకు కరిగి జిగటగా మారుతుంది. దాన్ని ఆల్కహాలుతో పూర్తిగా తీయకుండా పైన ఏ రంగూ వేయవద్దు.

స్టీరింగు మధ్య మూతకూ, డాష్‌బోర్డులో ఎయిర్‌బ్యాగ్ చీల్చుకుని బయటికి వచ్చే చోటుకూ పెయింటు వేయకూడదు, ఆ మూత సరిగా తెరుచుకోకపోవచ్చు. సీటు బెల్టు పట్టీకి రంగు, థిన్నర్, బ్లీచింగు ఏదీ తగలనీయకూడదు, పీచు బలం తగ్గుతుంది.

వారం దాటినా ముక్కిపోయిన వాసన

రంగు వాసన రోజులు గడిచేకొద్దీ తగ్గుతుంది, ముక్కిన వాసన పెరుగుతుంది. పెరుగుతుంటే కార్పెట్ కింది నారపొర ఆరలేదని అర్థం. కార్పెట్ ఎత్తి ఆ పొరను ఎండలో రెండువైపులా ఆరబెట్టి, కింది రేకు తుప్పుపట్టిందేమో చూసి, తుప్పు ఉంటే గీకి ప్రైమర్ పూసి, పూర్తిగా పొడిబారాకే తిరిగి పరచండి.