పెద్ద ఎలక్ట్రానిక్స్ సంస్థల ఆవిష్కరణలను పేటెంటు పత్రాల్లో చదవడం ఎలా?

ఒక పెద్ద ఎలక్ట్రానిక్స్ సంస్థ కొత్త బ్యాటరీనో, కొత్త రకం తెరనో కనిపెట్టిందన్న వార్త వచ్చినప్పుడు, అందులో సాధారణంగా మూడు వేర్వేరు సంగతులు కలగాపులగమై ఉంటాయి: ప్రయోగశాలలో నిజంగా సాధించినదేమిటి, అందులో ఎంతమేరకు తన సొత్తని సంస్థ చట్టం ముందు కోరుతున్నది, చివరకు అమ్మకానికి రాబోయేదేమిటి. ఈ మూడింటినీ విడదీసి చూడాలనుకునే పాఠకుడికి గట్టి ఆధారం పేటెంటు పత్రం. పత్రికా ప్రకటనలోని ఉత్సాహం అందులో కనిపించదు. భాష పొడిగా, కొన్నిచోట్ల విసుగు పుట్టించేలా ఉంటుంది. అయినా పరిశోధకులు ఏ చిక్కును విప్పబోయారు, ఎలా విప్పారు, ఆ పని తమదని ఏ తేదీన నమోదు చేయించుకున్నారు అనే ప్రశ్నలకు, తప్పు రాస్తే హక్కుకే ముప్పని తెలిసి, సంస్థ స్వయంగా రాసిచ్చిన జవాబు అందులో దొరుకుతుంది.

వెతుకులాట

ఇందుకు డబ్బు కట్టవలసిన పని లేదు. గూగుల్ పేటెంట్స్, యూరోపియన్ పేటెంట్ కార్యాలయం నడిపే ఎస్పాసెనెట్, ప్రపంచ మేధాసంపత్తి సంస్థ నడిపే పేటెంట్‌స్కోప్, ఈ మూడూ ఉచితమే. జపాన్ సంస్థల దరఖాస్తుల కోసం ఆ దేశపు జె-ప్లాట్‌ప్యాట్‌ను కూడా చూడడం మంచిది. యంత్రానువాదంలో వాక్యాలు తడబడినా బొమ్మలూ తేదీలూ తడబడవు.

కొత్తగా వెతికేవారు చేసే మొదటి పొరపాటు, సంస్థకు నేడున్న పేరొక్కటే ఇచ్చి వెతకడం. పెద్ద సంస్థలు పేర్లు మార్చుకుంటాయి, విభాగాలను అమ్ముకుంటాయి, దేశానికొక అనుబంధ సంస్థ పేరున దరఖాస్తు చేస్తాయి. నేటి పానసోనిక్ 2008 వరకు మత్సుషిత ఎలక్ట్రిక్ ఇండస్ట్రియల్; సోనీ 1958 వరకు టోక్యో త్సుషిన్ కోగ్యో. ఫిలిప్స్ చిప్‌ల విభాగం 2006లో ఎన్ఎక్స్‌పీగా వేరుపడింది. తోషిబా నుంచి విడివడిన మెమరీ వ్యాపారం 2019 నుంచి కియోక్సియా పేరుతో నడుస్తున్నది. ఫిలిప్స్ పాత అమెరికన్ పేటెంట్లు అనేకం 'యూ.ఎస్. ఫిలిప్స్ కార్పొరేషన్' పేరున ఉన్నాయి. కాబట్టి వెతకడానికి ముందు సంస్థ చరిత్రను ఒకసారి చదివి, పాత పేర్లనూ అనుబంధ సంస్థల పేర్లనూ ఒక కాగితం మీద రాసుకోవాలి.

రెండో చిక్కు పదాలది. పేటెంటు రాసే న్యాయవాదులు వాడుక మాటలకు దూరంగా ఉంటారు. బ్యాటరీని 'విద్యుత్ రసాయన ఘటం' అని, ఫోనును 'చేతిలో ఇమిడే సమాచార పరికరం' అని రాయడం వారికి పరిపాటి. ఆ ముసుగును దాటించేది అంతర్జాతీయ వర్గీకరణ సంకేతం. హెచ్01ఎం అంటే రసాయన శక్తిని విద్యుత్తుగా మార్చే ఘటాలు, జీ11బీ అంటే డిస్కులు, టేపుల మీద సమాచారాన్ని నమోదు చేసే పద్ధతులు, జీ11సీ అంటే కదిలే భాగాలు లేని మెమరీలు, హెచ్04ఎన్ అంటే కెమెరాలు, టీవీల వంటి చిత్ర ప్రసార సాధనాలు. ముందుగా మీ విషయానికి దగ్గరైన పత్రం ఏదైనా ఒక్కటి పట్టుకుని, దాని సంకేతాన్నీ ఆవిష్కర్తల పేర్లనూ తీసుకుని, వాటితో మళ్లీ వెతకండి. నా అనుభవంలో ఇది నేరుగా పదాలతో వెతకడం కంటే ఎంతో మెరుగు. ముఖ్యంగా ఆవిష్కర్త పేరు, ఎందుకంటే సంస్థ పేరు మారినా మనిషి పేరు మారదు.

మొదటి పుట

పత్రం ఏ భాషలో ఉన్నా మొదటి పుటలో ప్రతి వివరం పక్కన బ్రాకెట్లలో ఒక అంకె ఉంటుంది. ఆ అంకెల అర్థం అన్ని దేశాల్లోనూ ఒక్కటే: (22) దరఖాస్తు తేదీ, (30) ప్రాధాన్యతా వివరాలు, (51) వర్గీకరణ, (54) శీర్షిక, (56) పరిశీలనలో ఉదహరించిన పాత పత్రాలు, (57) సంగ్రహం, (71) దరఖాస్తుదారు, (72) ఆవిష్కర్త, (73) హక్కుదారు. జపనీస్ లిపిలో ఒక్క అక్షరం రాకపోయినా ఈ అంకెల సాయంతో ఆ పుటను చదవవచ్చు.

(72)కూ (73)కూ ఉన్న తేడాను ఎప్పుడూ మరువకూడదు. ఆవిష్కర్త మనిషి, సంస్థల్లో హక్కుదారు మాత్రం దాదాపు ఎప్పుడూ సంస్థే. ఫ్లాష్ మెమరీని కనిపెట్టిన ఫుజియో మసువోకా తోషిబా ఉద్యోగి. ఆ పేటెంట్లు తోషిబావి. 1994లో సంస్థను వదిలి తొహోకు విశ్వవిద్యాలయానికి వెళ్లిన ఆయన, తన ఆవిష్కరణకు తగిన ప్రతిఫలం అందలేదని 2004లో తోషిబాపై దావా వేయగా, 2006లో అది 8.7 కోట్ల యెన్‌లకు రాజీ అయింది. ఫలానా సంస్థ కనిపెట్టిందని మనం తేలిగ్గా అనే మాట వెనుక ఇంత కథ ఉండవచ్చు గనుక, పేర్ల వరుసను దాటవేయకుండా రాసుకోవాలి.

పత్రం సంఖ్య చివర ఉండే అక్షరం చిన్నదే గానీ, వార్తల్లో ఎక్కువ తప్పులు జరిగేది అక్కడే. స్థూలంగా 'ఏ' (A) ఉంటే ప్రచురితమైన దరఖాస్తు, 'బీ' (B) ఉంటే పరిశీలన దాటి మంజూరైన పేటెంటు అని అర్థం; 2001కి ముందు అమెరికా మంజూరు చేసిన వాటికి మాత్రం ఈ లెక్క కుదరదు. 'ఫలానా సంస్థకు పేటెంటు లభించింది' అని రాసిన వార్తను పట్టుకుని మూలానికి వెళితే చాలాసార్లు 'ఏ' (A) అక్షరమే ఎదురవుతుంది. అంటే సంస్థ అడిగింది, ఇంకా ఎవరూ ఇవ్వలేదు.

తేదీల సంగతి కూడా ఇటువంటిదే. ప్రాధాన్యతా తేదీ అంటే ఆ ఆవిష్కరణను మొట్టమొదట ఏదో ఒక దేశంలో నమోదు చేసిన రోజు. సాధారణంగా అక్కడి నుంచి 18 నెలలు గడిచాకనే దరఖాస్తు బయటికి వస్తుంది. అందువల్ల ఈ రోజు మీరు చదువుతున్న తాజా దరఖాస్తు నిజానికి కనీసం ఏడాదిన్నర కిందటి పరిశోధన. మంజూరు తేదీని బట్టి ఎవరు ముందో తేల్చడం ఇంకా ప్రమాదం. ఇంటిగ్రేటెడ్ సర్క్యూట్ (చిప్) విషయంలో టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ తరఫున జాక్ కిల్బీ 1959 ఫిబ్రవరిలో దరఖాస్తు చేయగా, ఫెయిర్‌చైల్డ్ సెమికండక్టర్ తరఫున రాబర్ట్ నాయిస్ అదే ఏడాది జూలైలో చేశారు. పేటెంటు మాత్రం నాయిస్‌కు 1961లో, కిల్బీకి 1964లో మంజూరైంది.

క్లెయిములు: ఇక్కడ ఆగి చదవాలి

పత్రంలో శీర్షిక, సంగ్రహం, వర్ణన, బొమ్మలు అన్నీ ఉన్నా, హక్కు ఎంతవరకో నిర్ణయించేవి సంఖ్యలు వేసి రాసిన క్లెయిములు మాత్రమే. ఆస్తి దస్తావేజులో హద్దుల వంటివి అవి. వర్ణనలో సంస్థ ఎన్ని గొప్ప సంగతులు రాసినా, హద్దుల లోపల లేనిది దాని సొత్తు కాదు. ఇంకే ఇతర క్లెయిమునూ ప్రస్తావించని వాటిని స్వతంత్ర క్లెయిములంటారు. '1వ క్లెయిములో చెప్పిన పరికరమే, కాకపోతే' అన్న తరహాలో మొదలయ్యేవి వాటి మీద ఆధారపడినవి. మొదట స్వతంత్ర క్లెయిములను మాత్రమే ఏరుకుని, ఒక్కొక్కదాన్నీ విడి భాగాలుగా ముక్కలు చేసి, ముక్కకొక వరుస చొప్పున రాసుకోండి. ఒక వస్తువు ఆ క్లెయిము కిందికి రావాలంటే ఆ ముక్కలన్నీ, ఒక్కటి కూడా తగ్గకుండా, లేదా వాటికి సమానమైనవి అందులో ఉండాలి. అందుకే క్లెయిము ఎంత పొడవుంటే హద్దు అంత ఇరుకని సాధారణంగా చెప్పుకోవచ్చు. నిడివిని చూసి గొప్పదనుకోవడం తలకిందులు లెక్క.

ఆంగ్ల పత్రాల్లో రెండు మాటల దగ్గర జాగ్రత్తగా ఉండాలి. 'కంప్రైజింగ్' అంటే ఈ భాగాలున్నాయి, వీటితోపాటు మరేమున్నా పట్టింపు లేదని. 'కన్సిస్టింగ్ ఆఫ్' అంటే ఇవి మాత్రమే, మరేమీ లేవని. మామూలు వాడుకలో ఈ రెంటికీ పెద్ద తేడా లేకపోయినా, పేటెంటులో మొదటిది విశాలమైన హద్దు, రెండోది బిగించిన హద్దు.

ఒక్క మాట ఎంత పని చేస్తుందో చూడాలంటే మళ్లీ కిల్బీ, నాయిస్‌ల దగ్గరికే వెళ్లాలి. 1958 సెప్టెంబరులో కిల్బీ తన సంస్థలో చూపించిన నమూనా జెర్మేనియం ముక్క మీద తయారైంది. దాని భాగాలను కలిపినవి పైనుంచి వేలాడే సన్నని తీగలు. దరఖాస్తులోని బొమ్మలోనూ ఆ బంగారు తీగలే ఉన్నాయి. అయితే తీగలకు బదులు అర్ధవాహకం (సెమికండక్టర్) మీద విద్యుత్తును సాగనివ్వని బంధక పొర వేసి, దానిపైన బంగారం వంటి పదార్థాన్ని పరచవచ్చునని ఒక వాక్యం కూడా వర్ణనలో చేర్చారు. నాయిస్ క్లెయిములో ఉన్నదేమో, ఆక్సైడ్ పొరను అంటిపెట్టుకుని ఉండే లోహపు దారులు. 'పరచడం' అంటే 'అంటిపెట్టుకుని ఉండడం' అని అర్థం వస్తుందా, రాదా అన్నదాని చుట్టూ వివాదం ఏళ్ల తరబడి సాగింది. 1967లో పేటెంటు కార్యాలయపు మండలి కిల్బీ పక్షాన తీర్పు చెప్పగా, 1969లో అమెరికా కస్టమ్స్, పేటెంట్ అప్పీళ్ల న్యాయస్థానం ఆ తీర్పును తిరగదోడి, పరచిన పదార్థం తప్పనిసరిగా అంటుకుని ఉంటుందనడానికి ఆధారం లేదని నాయిస్ పక్షాన నిలిచింది. ఈలోగా 1966లోనే రెండు సంస్థలూ ఒకరి హక్కులను మరొకరు వాడుకునేలా ఒప్పందానికి వచ్చాయి కాబట్టి, వ్యాపారం ఆ తీర్పు కోసం ఎదురు చూడలేదు. కిల్బీకి 2000లో నోబెల్ బహుమతి వచ్చింది. చిప్‌లను తయారు చేయడానికి ప్రపంచం వాడుకున్నది మాత్రం నాయిస్ చూపిన దారినే. మొదట కనిపెట్టినదెవరన్న ప్రశ్నకు ఇక్కడ ఒక్క పేరుతో జవాబు చెప్పడం నాకు సరైన పనిగా తోచదు.

వర్ణన: ఏం వదులుకున్నారో చూడండి

క్లెయిముల తర్వాత వర్ణనకు వెళ్లాలి. మొదట ఉండే 'పూర్వ పరిస్థితి' భాగంలో అప్పటిదాకా ఉన్న పద్ధతిలో లోపమేమిటో సంస్థ చెబుతుంది. అక్కడ పోటీదారుల పనిని కాస్త ఎక్కువగానే తక్కువ చేసి రాస్తారని గుర్తుంచుకుంటే చాలు. ఆ లోపాన్ని సరిచేయడానికి వీరు దేన్ని వదులుకున్నారన్నది అసలు ప్రశ్న. ఎలక్ట్రానిక్స్‌లో వేగమో, ఖర్చో, పరిమాణమో, మన్నికో ఏదో ఒకటి ఇచ్చుకోకుండా మరొకటి పుచ్చుకోవడం అరుదు.

ఫ్లాష్ మెమరీయే ఇందుకు చక్కని ఉదాహరణ. అంతకుముందున్న విద్యుత్తుతో చెరపగల మెమరీలో ఒక్కో బైటును విడివిడిగా చెరపవచ్చు. అయితే ఆ సౌకర్యం కోసం ఒక్కో గడికి రెండు ట్రాన్సిస్టర్లు కావలసి రావడంతో అది ఖరీదైనది. విడివిడిగా చెరిపే సౌకర్యాన్ని వదులుకుని, గడులన్నిటినీ ఒకేసారి చెరిపేస్తే గడికి ఒక్క ట్రాన్సిస్టరు సరిపోతుందన్నది మసువోకా ఆలోచన. ఆ చెరపడం కెమెరా ఫ్లాష్‌లా ఉందని సహోద్యోగి షోజి అరియిజుమి అనడంతో ఆ పేరే స్థిరపడింది. ఆవిష్కరణ అంటే కొత్తది చేర్చడమేనని అనుకునేవారు ఈ ఒక్క ఉదాహరణను జాగ్రత్తగా చదవాలి.

పేటెంటుకు జతగా పరిశోధన పత్రాన్ని కూడా సంపాదించండి. పేటెంటులో 'ఇలా చేయవచ్చు' అన్న మాటలుంటాయి; కొలతలు, గ్రాఫులు, వైఫల్యాలు ఎక్కువగా దొరికేది సదస్సు పత్రాల్లో. అర్ధవాహకాలకు ఏటా జరిగే ఐఈడీఎం సదస్సు ముఖ్యమైనది. తోషిబా బృందం ఫ్లాష్ గురించి 1984లోనూ, అందులోనే నాండ్ అనే రకం గురించి 1987లోనూ చెప్పింది అక్కడే. చాలా సంస్థలు తమ సాంకేతిక పత్రికలను తామే ప్రచురిస్తాయి. ఒకే ఆవిష్కర్త పేరుతో పేటెంటునూ పత్రాన్నీ పక్కపక్కన పెట్టుకుంటే, దాచినదేదో చెప్పినదేదో కొంతవరకు తెలుస్తుంది.

వస్తువు వేరు, పేటెంటు వేరు

పేటెంటు ఉంది కాబట్టి వస్తువు వస్తుందని అనుకోకూడదు. ద్రవ స్ఫటిక తెరను జార్జ్ హైల్‌మైయర్ బృందం అమెరికాలో ఆర్‌సీఏ ప్రయోగశాలలో రూపొందించగా, 1968లో సంస్థ దాన్ని లోకానికి చూపించింది. అయినా దాన్ని వ్యాపారంగా మలచుకోలేదు. అటువంటి తెర గల జేబు కాలిక్యులేటరును 1973లో తెచ్చింది జపాన్‌లోని షార్ప్. ఇందుకు విరుద్ధంగానూ జరుగుతుంది: లిథియం అయాన్ బ్యాటరీని 1991లో మొదట మార్కెట్లోకి తెచ్చింది సోనీ అయినా, దాని మూలాలు ఆక్స్‌ఫర్డ్‌లో జాన్ గుడెనఫ్ చేసిన పనిలోనూ, అసాహి కసేయి సంస్థలో అకిరా యోషినో చేసిన పనిలోనూ ఉన్నాయి. (56) కింద ఉదహరించిన పత్రాల వెంట వెనక్కి, ఈ పత్రాన్ని తర్వాత ఉదహరించిన వాటి వెంట ముందుకు నడిస్తే ఇటువంటి బంధుత్వాలు అనేకం బయటపడతాయి.

ఏ సంస్థకు ఎన్ని పేటెంట్లన్న ఏటేటా వచ్చే పట్టికల మీద నాకు పెద్దగా గురి లేదు. ఐబీఎం 1993 నుంచి 2021 వరకు 29 ఏళ్లు వరుసగా అమెరికాలో మొదటి స్థానంలో ఉంది. ఆ సంఖ్య దరఖాస్తుల విధానం గురించి ఎంత చెబుతుందో, ఆవిష్కరణల విలువ గురించి అంత చెప్పదు.

ఇక మిగిలింది పేటెంటు ఇంకా బతికి ఉన్నదో లేదో చూడడం. గడువు సాధారణంగా దరఖాస్తు తేదీ నుంచి 20 ఏళ్లు. అమెరికాలో 1995 జూన్ 8కి ముందు చేసిన పాత దరఖాస్తులకు మంజూరు నుంచి 17 ఏళ్ల లెక్క కూడా ఉండేది. ఒకే ఆవిష్కరణపై వివిధ దేశాల్లో చేసిన దరఖాస్తుల సముదాయాన్ని పేటెంటు కుటుంబం అంటారు. ఎస్పాసెనెట్‌లో దాన్ని తెరిస్తే సంస్థ ఏ దేశాల్లో ఖర్చుకు సిద్ధపడిందో కనిపిస్తుంది. హక్కును నిలుపుకోవడానికి రుసుము కట్టాలి. అమెరికాలో మంజూరైన మూడున్నర, ఏడున్నర, పదకొండున్నర ఏళ్లకు అవి చెల్లించవలసి వస్తాయి. పత్రం చట్టపరమైన స్థితి అన్న చోట రుసుము కట్టనందున హక్కు పోయినట్టు రాసి ఉంటే, ఒకప్పుడు ఘనంగా ప్రకటించిన ఆ ఆలోచనను సంస్థ ఏ ఏడాదిలో పక్కన పెట్టిందో ఆ ఒక్క వరుస చూసి ఇంచుమించుగా చెప్పవచ్చు.