ప్రిపరేటివ్ కాలమ్ మీద ఎంత లోడ్ చేయాలో తేల్చుకోవడం ఎలా?

లిక్విడ్ క్రోమాటోగ్రఫీలో (HPLC) పదార్థాన్ని శుద్ధిచేసి పోగుచేసుకునే పెద్ద కాలమే ప్రిపరేటివ్ కాలమ్. ముందు చిన్న కాలమ్ మీద పీకులు (ఒక్కో పదార్థం బయటికొచ్చేటప్పుడు డిటెక్టర్ గీసే శిఖరాలు) చక్కగా విడిపోయాయంటే సగం పని అయినట్టే. స్వచ్ఛత చెడకుండా ఒక్కో ఇంజెక్షన్‌కి ఎంత సరుకు ఎక్కించవచ్చన్నది మిగతా సగం. దాన్ని కూడా 4.6 మి.మీ. వ్యాసమున్న ఆ చిన్న కాలమ్ మీదే తేల్చుకోండి. సాల్వెంట్, శాంపిల్ రెండూ మిగులుతాయి.

పెద్ద కాలమ్‌లో వాడబోయే ప్యాకింగే (లోపల నింపే పదార్థం), అంతే పొడవుతో, చిన్న కాలమ్‌లోనూ ఉండాలి. శాంపిల్‌ని వీలైతే మొబైల్ ఫేజ్‌లోనే, అంటే కాలమ్ గుండా పారే సాల్వెంట్‌లోనే కరిగించండి. అంతకన్నా బలమైన సాల్వెంట్ వాడితే కొంత పదార్థం కాలమ్‌ని పట్టుకోకుండానే ముందు జారిపోయి, పీక్ చీలినట్టు కనిపిస్తుంది.

ఇక గాఢత పెంచుకుంటూ ఇంజెక్ట్ చేసి, క్రోమాటోగ్రామ్‌లను (పీకుల గ్రాఫ్‌లను) ఒకదాని మీద ఒకటి పెట్టి చూడండి. అసలు విషయమంతా ఇక్కడే ఉంది. తక్కువ లోడ్‌లో సమంగా ఉన్న పీక్ లోడ్ పెరిగేకొద్దీ లంబకోణ త్రిభుజంలా మారుతుంది. ముందు అంచు నిలువుగా లేచి ఎడమకి జరుగుతుంది. తోక చివర మాత్రం దాదాపు పాత చోటే ఆగుతుంది. స్టేషనరీ ఫేజ్‌లో, అంటే ఆ ప్యాకింగ్‌లో అణువులు అంటుకునే చోట్లు పరిమితం కదా! అవి నిండేకొద్దీ మిగిలినవి మొబైల్ ఫేజ్‌తో పాటు త్వరగా సాగిపోతాయి. ఉపరితలం మీద చోట్లు నిండే తీరును వివరించే లాంగ్‌మ్యూర్ ఐసోథర్మ్ చెప్పేది ఇదే. ఇలా లోడ్ పెంచినప్పుడు యూవీ డిటెక్టర్ సాచురేట్ అయి పీక్ తల చదునైపోతుంది, అందుకని గరిష్ఠ శోషణ ఉన్న తరంగదైర్ఘ్యానికి కాస్త పక్కన సెట్ చేయండి.

ఇప్పుడు మలినం ఏ వైపు ఉందో చూడండి. ముందు వస్తుంటే అదృష్టమే: వెనక నుంచి ప్రధాన పదార్థం నిటారు అంచు దాన్ని నెట్టేస్తుంది. వెనక వస్తుంటే కష్టం. చోట్లన్నీ ప్రధాన పదార్థమే ఆక్రమించడంతో మలినం కూడా నిలవలేక ముందుకొచ్చి తోకలో కలిసిపోతుంది. అలాంటప్పుడు లోడ్‌తో కుస్తీ పట్టేకంటే, వరస తిరగబడే మొబైల్ ఫేజో వేరే కాలమో వెతకడమే మేలని నా అభిప్రాయం.

రెండు పీకులూ తాకీ తాకనట్టుండే లోడ్ దగ్గర ఆగి, ఆ లోడ్‌నీ ఫ్లోనీ రెండు కాలమ్‌ల వ్యాసాల నిష్పత్తి వర్గంతో హెచ్చవేయండి. 21.2 మి.మీ. కాలమ్‌కైతే అది సుమారు 21. అంటే నిమిషానికి 1 మి.లీ. ఫ్లో, 2 మి.గ్రా. లోడ్ ఉన్నచోట 21 మి.లీ., 42 మి.గ్రా. అవుతాయి.

డిటెక్టర్ నుంచి, బయటికొచ్చే ద్రవాన్ని భాగాలుగా (ఫ్రాక్షన్‌లుగా) పట్టే ఫ్రాక్షన్ కలెక్టర్ దాకా ఉన్న ట్యూబ్ ఘనపరిమాణాన్ని ఫ్లోతో భాగిస్తే ఎంత ఆలస్యంగా పట్టాలో తెలుస్తుంది. అంచుల దగ్గర చిన్న చిన్న ఫ్రాక్షన్‌లుగా పట్టి, ప్రతిదాన్నీ చిన్న కాలమ్ మీద పరీక్షించాకే కలపండి. మలినం కనిపించినవాటిని పారబోయొద్దు, విడిగా పోగుచేసి మళ్లీ ఎక్కించుకోవచ్చు.